తూకపురాయిని తూచేదెవరు?

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు పర్లాకిమిడిలో కెమిస్ట్రీ విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

పోయిన నెల మా మావయ్య ఒకాయన బరంపురం వచ్చారు. వరసకి మావయ్య, దూరపు చుట్టరికం. కవిటి దగ్గర పల్లె, కొంచెం కొబ్బరి తోట ఉంది. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రెండు కాగితాలు తీసి నా చేతిలో పెట్టారు. రెండూ రక్తపరీక్ష రిపోర్టులే. ఒకటి సరిహద్దుకి ఇటువైపు ఒడిశా ల్యాబుది, రెండోది అటువైపు ఆంధ్రా ల్యాబుది. మధ్యలో మూడు రోజులే తేడా. కిడ్నీలు రక్తంలోంచి వడగట్టి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్. అది ఒకదాంట్లో 1.2, రెండోదాంట్లో 1.4.

"ఏటల్లుడూ, దీన్లో ఏది నమ్మాల?" అన్నారు.

ఉద్దానం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో సగం మందికి ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి, పలాస వైపు చుట్టాలున్నారు. అక్కడ కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళనే ఎలా కుంగదీసిందో చూశారు. ఎందుకొస్తోందో ఇంతవరకూ తేలలేదు. అలాంటి చోట బతుకుతున్న మనిషికి 1.2కీ 1.4కీ తేడా అంటే అది రెండు దశాంశాల తేడా కాదు, రాత్రి నిద్ర పట్టడమా పట్టకపోవడమా అన్నది. క్రియాటినిన్ నుంచి కిడ్నీ వడపోతని అంచనా కట్టే సీకేడీ-ఎపీ సూత్రం 2021లో వచ్చింది, దాంతో అరవై ఏళ్ళ మగమనిషికి లెక్క కట్టి చూడండి. క్రియాటినిన్ 1.2 అయితే కిడ్నీ వడపోత దాదాపు 69 వస్తుంది. 1.4 అయితే 57, 58 మధ్య పడుతుంది. గీత 60 దగ్గరుంది, అంతకంటే తగ్గితే కిడ్నీ జబ్బేమో అని అనుమానిస్తారు. అంటే మావయ్య ఒక కాగితంలో గీతకి ఇటుపక్క, ఇంకో కాగితంలో అటుపక్క ఉన్నారు. మనిషి ఒక్కడే, అరుగు ఒక్కటే.

ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆయన ప్రశ్న గురించే. ఒక పరీక్ష పద్ధతి నమ్మదగిందో కాదో తేల్చుకోవడాన్ని ల్యాబ్ భాషలో మెథడ్ వాలిడేషన్ అంటాం. దీన్ని ఆ మెథడ్ వాలిడేషన్‌లో ఆక్యురసీ అంటాం.

ముందు మాటల గొడవ ఒకటి తీర్చుకుందాం. ఈ ఊళ్ళో ఈ రోజున మాటల గురించి మాట్లాడకపోతే తప్పవుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడే బడిపంతులుగా చేరారు. సవర భాష నేర్చుకోవాలనిపిస్తే, సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన నోటి నుంచి విని రాసుకున్నారు. మాట నిజంగా ఎలా ఉందో తెలియాలంటే మాట్లాడే మనిషి దగ్గరికి వెళ్ళాలన్నది ఆయన పట్టుదల. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ల్యాబులో ఇంగ్లీషు. ఏ మాటకి ఏ అర్థమో ఎక్కడో జారిపోతుంది. జారిపోయిన జంట మాటల్లో మొదటిది ఆక్యురసీ, ప్రెసిషన్. తెలుగులో రెండింటికీ 'ఖచ్చితత్వం' అనే రాసేస్తున్నాం. ఇది మంచిది కాదు. పదిసార్లు చేస్తే పదిసార్లూ దగ్గర దగ్గరగా రావడం ప్రెసిషన్. దాన్ని నేను 'నిలకడ' అంటాను. వచ్చిన అంకె అసలు ఉన్నదానికి దగ్గరగా ఉండడం వేరే విషయం. ఐఎస్ఓ 5725 అనే ప్రమాణం 1994లో దీన్ని విడదీసి, నిజానికి దగ్గరగా ఉండడాన్ని ట్రూనెస్ అంది. ట్రూనెస్, ప్రెసిషన్ రెండూ కలిస్తే ఆక్యురసీ అంది. మందుల కంపెనీలు పాటించే ఐసీహెచ్ పత్రం మాత్రం ట్రూనెస్‌నే ఆక్యురసీ అంటుంది. ఎవరి వాడుక వాళ్ళది. మీరు చదువుతున్న పత్రం ఏ అర్థంలో వాడుతోందో చూసుకుంటే చాలు. ఇవాళ నేను ఐసీహెచ్ అర్థంలోనే, అంటే నిజానికి దగ్గరగా ఉండడం అనే వాడతాను.

నిలకడగా అబద్ధం చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి. నిలకడ చూసి నమ్మేయడమే మన వృత్తిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఎందుకంటే నిలకడని మన ల్యాబు గదిలోనే కూర్చుని కొలవచ్చు. నిజాన్ని అలా కొలవలేం. దానికి బయటి నుంచి ఏదో ఒకటి తేవాలి.

సంతకి వెళ్దాం రండి. చిన్నప్పుడు మా అమ్మతో సంతకి వెళ్తే, బియ్యం కొనేముందు ఆవిడ ఒక పని చేసేది. "పాసంగం చూపించు" అనేది. రెండు తట్టలూ ఖాళీగా ఉన్నప్పుడు తక్కెడ ఎత్తి పట్టుకోమనేది. ముల్లు మధ్యలో నిలబడితే సరే. ఒక పక్కకి వాలితే రెండో తట్టలో రాయిముక్కో చింతగింజలో వేసి సరిచేయించేది. అదీ పాసంగం. తర్వాత రాయి వంక చూసేది. ఇనప తూకపురాయి అడుగు అరిగిందా, సీసం ఊడిందా అని వేళ్ళతో తడిమేది. పాసంగం తేడా ఒక రకం మోసం, అరిగిన రాయి ఇంకో రకం. చదువుకోని మా అమ్మకి ఈ రెండూ వేరని తెలుసు. నాకు ఎమ్మెస్సీ అయ్యాక పదేళ్ళు పట్టింది.

తక్కెడలో యాభై గ్రాముల పాసంగం ఉందనుకోండి. కిలో బియ్యం వేస్తే 1050 చూపిస్తుంది. అందులోనే ఇంకో కిలో వేయండి. 2050. తేడా ఎంత? సరిగ్గా వెయ్యి. "చూశారా, వేసిన కిలో కిలోగానే వచ్చింది, నూటికి నూరు" అంటాడు వర్తకుడు. నిజమే, కానీ పాసంగం రెండుసార్లూ ఉంది. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేసరికి కనపడకుండా పోయింది.

ఇప్పుడు పాసంగం లేదు, రాయి అరిగిందనుకోండి. కిలో అని రాసి ఉన్న రాయి 950 గ్రాములే. ఆ రాయితోనే ఇంకో కిలో బియ్యం తూచి పక్కన పెట్టుకోండి. దాన్ని మొదటిదాంట్లో కలిపి అదే రాళ్ళతో తూచండి. మళ్ళీ నూటికి నూరు వస్తుంది. తూచిన రాయితోనే తూస్తే రాయి తప్పు ఎలా బయటపడుతుంది?

మనం ల్యాబుల్లో చేసే స్పైక్ రికవరీ ఇదే. శాంపిల్ తీసుకుంటాం, కొలుస్తాం. అందులో తెలిసిన మోతాదు కలుపుతాం, మళ్ళీ కొలుస్తాం. పెరిగినది కలిపినదానిలో ఎంత శాతమో చూసి రికవరీ అంటాం. మంచి పరీక్షే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. నీటిలోనో, మందుబిళ్ళలోనో, రక్తంలోనో ఉన్న ఇతర పదార్థాలు మన కొలతని మింగేస్తున్నాయా, ఉబ్బిస్తున్నాయా అన్నది ఇది పట్టిస్తుంది. కానీ పాసంగాన్ని పట్టించదు. అదే సీసాలోని స్టాండర్డ్, అంటే ఎంత గాఢతో తెలిసిన ద్రావణం వాడితే అరిగిన రాయినీ పట్టించదు. ఈ రెండు మాటలూ గుర్తు పెట్టుకుని ఇంటికి వెళ్ళినా చాలు, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు.

అరిగిన రాయి కథ నాదే. చాలా ఏళ్ళ క్రితం ఒక చిన్న ల్యాబులో పనిచేశాను, పేరు అనవసరం. ఊళ్ళ నుంచి బోరునీళ్ళు వచ్చేవి. ఫ్లోరైడ్ చూడాలి. మన దేశంలో తాగునీటికి ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు వైపు ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్యులు రాశారు. నల్లగొండ సంగతి తెలియని తెలుగువాళ్ళు ఉండరు. కాబట్టి ఇది ఆటలా తీసుకునే కొలత కాదని నాకు అప్పటికే తెలుసు. నీళ్ళలో ముంచితే ఫ్లోరైడ్ గాఢతని బట్టి మిల్లీవోల్టులు చూపించే ఎలక్ట్రోడ్ కొత్తది. గాఢత పదింతలు మారితే 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. మాకు 58 వచ్చింది. స్టాండర్డులతో గీసిన గీత చక్కగా సాగింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకటే అంకె. స్పైక్ వేశాం, రికవరీ 99, 101, 100. ఫైలు మూసేసి సంతకం పెట్టాను.

ఒక ఊరి బోరుకి 1.77 వచ్చింది. రిపోర్టు వెళ్ళింది. పంపు పిడికి ఎర్ర రంగు వేశారు. ఆ వీధి ఆడవాళ్ళు నాలుగు నెలలకి పైగా ఊరవతల నేలబావి నుంచి బిందెలు మోశారు.

తర్వాత ఎవరో అదే బోరునీళ్ళు విశాఖపట్నంలో ఇంకో ల్యాబుకి పంపారు. 0.8 వచ్చింది. మేం ఏమన్నామో తెలుసా? వాళ్ళదే తప్పన్నాం. మా రికవరీ వంద శాతం కదా! అయినా మనసు ఊరుకోక, వేరే కంపెనీ సర్టిఫైడ్ ఫ్లోరైడ్ ద్రావణం ఒకటి తెప్పించాం. లీటరుకి 1 మిల్లీగ్రాముకి పలుచన చేసి ఎలక్ట్రోడ్ ముంచాను. 2.2 చూపించింది. కడిగి మళ్ళీ ముంచాను. 2.2.

నోటుబుక్కు తిరగేశాం. లీటరుకి 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండే స్టాక్ కలపాలంటే సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములు తూచాలి. ఆ ఉప్పులో ఫ్లోరైడ్ వాటా 45 శాతమే కదా, మిగతాది సోడియం. మా పుస్తకంలో 100 మిల్లీగ్రాములు తూచినట్టు ఉంది. సీసా మీద మాత్రం ఫ్లోరైడ్ 100 అని రాసి ఉంది. ప్రతి అంకే రెండుంపావు రెట్ల దాకా పెరిగి వెళ్ళింది. మరి ఎలక్ట్రోడ్ గీత ఎందుకు పట్టివ్వలేదు? ఆలోచించండి. స్టాండర్డులన్నీ ఒకే లెక్కన తగ్గితే గీత వాలు మారదు, గీత పక్కకి జరుగుతుందంతే. స్పైక్ ఎందుకు పట్టివ్వలేదు? అదే సీసా నుంచి వేశాం కాబట్టి. నిలకడ ఎందుకు పట్టివ్వలేదు? నిలకడకీ నిజానికీ సంబంధం లేదు కాబట్టి.

రంగు గీకించడానికి నేనే వెళ్ళాను. "ఇప్పుడు మంచిదంటున్నారు, రేపు మళ్ళీ చెడ్డదంటారా?" అని ఒక పెద్దావిడ అడిగింది. చాలా రోజులు ఆ పంపు దగ్గరికి ఎవరూ రాలేదని తర్వాత విన్నాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. కేలిబ్రేషన్‌కి, అంటే కొలిచే గీత గీసుకోవడానికి, ఒక సీసా, సరిచూడడానికి వేరే కంపెనీదో, వేరే బ్యాచ్‌దో, కనీసం వేరే మనిషి వేరే రోజు విడిగా తూచి కలిపిందో ఇంకో సీసా. సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియల్, అంటే అందులో ఎంతుందో అధికారికంగా నిర్ధారించి పత్రంతో ఇచ్చే పదార్థం దొరికితే అంతకంటే కావలసింది లేదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల 'భారతీయ నిర్దేశక్ ద్రవ్య' పేరుతో ఇలాంటివి ఇస్తోంది. మా అమ్మ వేళ్ళతో తడిమి చూసిన పనిని అవి చేస్తాయి.

ఇక పాసంగం. దీనికి మావయ్య కాగితాల దగ్గరికి రావాలి.

క్రియాటినిన్ కొలవడానికి జాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త 1886లో గమనించిన చర్య ఇప్పటికీ వాడుకలో ఉంది. క్షారంలో పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్‌తో కలిసి నారింజ ఎరుపు రంగు ఇస్తుంది. చౌక, తొందరగా అయిపోతుంది. చిక్కు ఏమిటంటే పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్ ఒక్కదానితోనే చేయి కలపదు. రక్తంలోని ప్రోటీన్లు, గ్లూకోజు, షుగరు ముదిరినప్పుడు వచ్చే కీటోన్లు, కొన్ని సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్ మందులు కూడా ఆ రంగులో చెయ్యేస్తాయి. కామెర్లు ఉంటే బిలిరుబిన్ అంకెని కిందికి లాగుతుంది. ప్రోటీన్ల వల్ల వచ్చే ఉబ్బు చాలామంది రక్తంలో ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుంది, డెసీలీటరుకి 0.2, 0.3 మిల్లీగ్రాముల దాకా. సరిదిద్దని పాత పద్ధతిలో ఇదే పాసంగం. ఆ సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవంలో, క్రియాటినిన్ స్పైక్ చేసి చూడండి, రికవరీ వందకి వంద వస్తుంది. వర్తకుడి లెక్కే ఇక్కడా.

దీన్ని పట్టుకోవడానికి రెండు దారులు. ఒకటి, అసలు సూత్రమే వేరుగా ఉన్న ఇంకో పద్ధతితో అవే శాంపిళ్ళు చేసి పోల్చడం. ఎంజైమ్ పద్ధతి అలాంటిది, మిగతా పదార్థాలకి అది అంతగా లొంగదు. రెండోది, విలువ ముందే నిర్ధారణ అయిన సీరం తెచ్చి చేయడం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఫ్రీజ్ చేసి ఉంచిన మానవ సీరంలో క్రియాటినిన్ విలువ కట్టి ఇస్తుంది. దాని నంబరు 967. ఐసోటోప్ డైల్యూషన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పైస్థాయి పద్ధతితో కట్టిన విలువ అది. ఇప్పుడు మంచి కిట్లు తమ కేలిబ్రేషన్‌ని ఆ పైస్థాయి విలువలకి కలుపుకుంటాయి. పాసంగం తీసేసిన జాఫే కిట్లు కూడా వచ్చాయి. పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఒకే స్థాయి శాంపిళ్ళు చాలవు. 0.7, 1.3, 3, 6 ఇలా కింది నుంచి పై దాకా ఉండాలి. అన్ని చోట్లా తేడా ఒకే అంకె అయితే పాసంగం. విలువతో పాటు తేడా కూడా పెరుగుతూ పోతే రాయి అరిగింది. గ్రాఫు గీస్తే కంటికే కనపడుతుంది.

రెండు ల్యాబులకీ ఫోన్ చేశాను. ఒకరిది రంగు పద్ధతి, ఇంకొకరిది ఎంజైమ్ పద్ధతి. ఎవరిది తప్పని తేల్చే హక్కు ఆ రెండు కాగితాలతో నాకు రాదు. ముందురోజు మాంసం తిన్నా, ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువ తాగినా కూడా అంతపాటి తేడా వస్తుంది. మావయ్యకి ఒకటే చెప్పాను. కిడ్నీ జబ్బు అని చెప్పాలంటే మూడు నెలలైనా ఆ తేడా నిలబడాలి. కాబట్టి ఇక నుంచి ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయించండి, మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూపించండి, ఆ కాగితాలు డాక్టరు ముందు పెట్టండి అని. "అయితే ఇది కొలిచే తక్కెళ్ళ తేడా కూడా అవ్వచ్చన్నమాట" అన్నారాయన. కొబ్బరికాయలు అమ్మేవాడు కదా, నాకంటే తొందరగా పట్టుకున్నారు.

స్పైక్ చేతకానితనం ఇంకొకటి ఉంది. మనకి కంధమాల్ పొరుగే కాబట్టి పసుపుతో చెప్తాను. పసుపుకి ఆ పచ్చ రంగునిచ్చే కుర్కుమిన్ అందులో ఎంతుందో చూడాలి. పొడి తీసుకుని, మిథనాల్ పోసి ఇరవై నిమిషాలు కలిపి, వడగట్టి కొలిచారు. రికవరీ చూడడానికి పొడి మీద కుర్కుమిన్ స్టాండర్డ్ చల్లి అలాగే చేశారు. 99 శాతం. సంతోషం. కానీ చల్లిన కుర్కుమిన్ పొడి పైన కూర్చుని ఉంది, మిథనాల్ తగలగానే కరిగిపోతుంది. పసుపుకొమ్ములో పుట్టిన కుర్కుమిన్ కణాల లోపల, ఉడకబెట్టినప్పుడు గడ్డకట్టిన పిండిలో చిక్కుకుని ఉంది. అది బయటికి రావడానికి దానికి పట్టే టైమ్ దానికి పడుతుంది. వాకిట్లో ఉన్నవాణ్ణి పిలిస్తే పలికాడని పెరట్లో ఉన్నవాడికీ వినపడిందనుకోవడం లాంటిది ఇది.

నా దగ్గర శిక్షణకి వచ్చిన ఒక అమ్మాయి దీన్ని ఏ పుస్తకం చూడకుండా పట్టుకుంది. వడగట్టాక ఫిల్టర్ పేపరు పారేయబోతూ ఆగింది. పిప్పి ఇంకా పచ్చగానే ఉంది. ఆ పిప్పిలోనే తాజా మిథనాల్ పోసి మళ్ళీ కలిపింది. గ్లాసులో రంగు దిగింది. మళ్ళీ పోసింది, మళ్ళీ దిగింది. నాలుగోసారికి గానీ నీళ్ళలా తెల్లబడలేదు. వందకి దగ్గరగా ఉన్న రికవరీ అంకె పక్కన ఆ పచ్చటి ఫిల్టర్ పేపరు పెట్టి "సార్, ఈ రెండూ ఎలా కుదురుతాయి?" అని అడిగింది. ఘనపదార్థాలతో పనిచేసే ప్రతివాళ్ళూ ఆ పేపరు ఒకసారి చూడాలి. పిప్పిని మళ్ళీ మళ్ళీ తీసి, ఇంక రానంత వరకూ చేసి, మొత్తం ఎంతో చూసుకోవాలి. లేదా పసుపు లాంటి సహజ పదార్థంలోనే విలువ కట్టిన రిఫరెన్స్ మెటీరియల్ తెచ్చుకోవాలి. స్పైక్ వేసినప్పుడు కూడా వేసీ వేయగానే కొలవకుండా, వీలైతే ఒక రాత్రి నాననివ్వాలి.

స్పైక్ ఎంత వేయాలన్నది కూడా ముఖ్యమే. శాంపిల్‌లో ఉన్నది 0.2 అయితే 10 కలిపి రికవరీ బ్రహ్మాండంగా ఉందంటారు కొందరు. ఆ పదిలో మీ 0.2 తాలూకు తప్పు సముద్రంలో కాకిరెట్ట. ఉన్నదానికి సగం నుంచి ఒకటిన్నర రెట్ల లోపు కలిపితే న్యాయంగా ఉంటుంది.

ఎన్నిసార్లు చేయాలి అన్నది మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. ఐసీహెచ్ క్యూ2 ప్రకారం కనీసం మూడు స్థాయిల్లో మూడేసి చొప్పున తొమ్మిది. మందుబిళ్ళలో అసలు మందు కొలిచేటప్పుడు మామూలుగా 80, 100, 120 శాతాల దగ్గర చేస్తారు. ఫ్లోరైడుకి నేనైతే 0.5, 1, 1.5 దగ్గర చేస్తాను, నిర్ణయం జరిగేది అక్కడే కాబట్టి. ఆ తొమ్మిదీ తూకం దగ్గర నుంచి మొదలుపెట్టిన తొమ్మిది అవ్వాలి. ఒకే ఫ్లాస్కులోంచి మెషీన్లోకి తొమ్మిదిసార్లు ఎక్కిస్తే మెషీన్ నిలకడ తెలుస్తుంది, పద్ధతి సంగతి తెలియదు. ఈ పొరపాటు పెద్ద పెద్ద ఫైళ్ళలో కూడా చూశాను.

రికవరీ ఎంతుంటే ఒప్పుకోవాలి? అన్నిటికీ 98 నుంచి 102 అని బట్టీపట్టినవాళ్ళున్నారు. అది మందుబిళ్ళ లాంటి పెద్ద మోతాదులకి. విశ్లేషణ పద్ధతులకి ప్రమాణాలు పెట్టే ఏఓఏసీ అనే సంస్థ మార్గదర్శకాల్లో పదార్థం పలచబడేకొద్దీ వెసులుబాటు పెరుగుతుంది. పదిలక్షల్లో వంద భాగాల దగ్గర 90 నుంచి 107, ఒక భాగం దగ్గర 80 నుంచి 110. కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలకి యూరప్ వాళ్ళు 70 నుంచి 120 దాకా ఒప్పుకుంటారు.

ఇక్కడ ఒక లెక్క దగ్గర ఆగుదాం, ఇది తెలియక మంచి పనివాళ్ళు నష్టపోతుంటారు. ఒక ల్యాబులో తొమ్మిది రికవరీల సగటు 98.6, చెదురు అంటే స్టాండర్డ్ డీవియేషన్ 1.2. రెండో ల్యాబులో సగటు 96, చెదురు 6. తొమ్మిది కొలతలకి 95 శాతం నమ్మకంతో గణాంకశాస్త్రం పట్టికలోని టీ విలువ 2.306. దాన్ని చెదురుతో గుణించి, తొమ్మిది వర్గమూలం 3తో భాగించండి. మొదటి ల్యాబుకి 0.9 వస్తుంది, అంటే నిజం 97.7 నుంచి 99.5 లోపు ఉంది. అందులో 100 లేదు. "మీ పద్ధతిలో బయాస్, అంటే ఒకే పక్కకి వాలే తప్పు ఉంది, ఫెయిల్" అంటుంది ఈ లెక్క, టీ టెస్ట్. రెండో ల్యాబుకి 4.6. పరిధి 91.4 నుంచి 100.6. అందులో 100 ఉంది. "బయాస్ కనపడలేదు, పాస్." చూశారా? చెయ్యి వణికేవాడు పాసయ్యాడు, నిదానంగా చేసినవాడు ఫెయిలయ్యాడు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే 100 లోపలుందా బయటుందా అని మాత్రమే చూడకండి. ముందే ఒక హద్దు గీసుకోండి, మన అవసరానికి 97 నుంచి 103 దాకా ఫర్వాలేదు అని. ఆ పరిధి మొత్తం మీ హద్దులో ఇమిడిందా చూడండి. అప్పుడు మొదటి ల్యాబు పాస్, రెండోది కాదు. ఆ హద్దు ఎంత అన్నది కంప్యూటరు చెప్పదు, కొలత ఎవరికి ఎందుకు కావాలో తెలిసిన మనిషి చెప్పాలి.

(సభలోంచి ఒక విద్యార్థిని: సార్, సర్టిఫైడ్ మెటీరియల్ చాలా ఖరీదు. మా కాలేజీలో, చిన్న ల్యాబుల్లో ఏం చేయాలి?)

మంచి ప్రశ్న వేశావమ్మా. ఖరీదే, కాదనను. ఉన్నంతలో చేయగలిగినవి చెప్తాను. ఇద్దరు వేరువేరుగా, ఒకరికొకరు చూపించుకోకుండా, మూల రసాయనం నుంచి స్టాండర్డ్ కలపండి. ఒకరిదానితో గీత గీసి ఇంకొకరిది కొలవండి. దీనికి పైసా ఖర్చు లేదు, నా ఎర్ర పంపు అలా చేసి ఉంటే ఒక పూటలో బయటపడేది. రసాయనం సీసా మీద శుద్ధత 94 అని ఉంటే లెక్కలో 94 వేయండి, 100 వేయకండి. పక్క ఊరి ల్యాబుతో శాంపిళ్ళు మార్చుకోండి. బరంపురం, రాయగడ, శ్రీకాకుళం, ఈ మూడు చోట్ల ముగ్గురు కలిసినా చాలు. కొంచెం వీలుంటే ఏడాదికోసారి ప్రొఫిషియన్సీ టెస్టింగ్‌లో చేరండి. విలువ చెప్పకుండా శాంపిల్ పంపుతారు, మీ అంకెని మిగతా ల్యాబులతో పోల్చి చెప్తారు. అందులో తప్పు వస్తే దాచుకోకండి. సర్టిఫైడ్ సీసా కొన్నప్పుడు దాన్ని రోజూ వాడేయకండి. దాంతో మీ సొంత కంట్రోల్ ద్రావణానికి విలువ కట్టుకోండి, రోజూ ఆ కంట్రోల్ చేసి గ్రాఫు మీద చుక్క పెట్టండి. చుక్కలు ఒకవైపే నడుస్తున్న రోజున సర్టిఫైడ్ సీసా తెరవండి.

చివరగా ఒక పని అప్పజెప్పి దిగిపోతాను. ఈ బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఫ్లోరైడ్ గాజుని తింటుంది కాబట్టి ప్లాస్టిక్‌వే తెచ్చాను. మొదటిదాంట్లో మహేంద్రతనయ నీళ్ళు, పొద్దున్నే పట్టినవి. రెండోదాంట్లో నేను తూచి కలిపిన సోడియం ఫ్లోరైడ్ ద్రావణం, అదే నదినీళ్ళలో. ఎంత కలిపానో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సభ పెద్దల చేతికిచ్చాను. ఎవరికి ఏ పద్ధతి వీలైతే దాంతో చేయండి. మీ అంకెతో పాటు మీరు వాడిన స్టాండర్డ్ ఎక్కడిది, ఎవరు తూచారు, ఎన్ని మిల్లీగ్రాములు తూచారు అన్నది కూడా రాసుకు రండి. కవరు మీ ముందే విప్పుదాం. నా తూకం తప్పని తేలినా మీ ముందే తేలాలి.

సీసాలు ఒక్కొక్కరు యాభై మిల్లీలీటర్ల లెక్కన పంచుకోండి. మూతలు గట్టిగా బిగించండి.